ఆంటీ వాళ్ళ స్టోర్ రూమ్‌లో బీరు బకెట్

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కూరగాయల సంచీతో సెరంగూన్‌లో మా అంతస్తు దగ్గర లిఫ్టు దిగేసరికి కారిడార్ అంతా ఒక వాసన కమ్ముకుని ఉంది. గోధుమ జావ కాస్తున్నట్టు తియ్యగా, పక్కనే ఎవరో చేదాకు నలిపినట్టు ఘాటుగా ఉన్న ఆ వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మా ఇంటికి రెండు గుమ్మాల అవతల కొత్తగా పెళ్ళయిన చైనీస్ జంట ఉంటున్నారు. తలుపు బార్లా తీసి, పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టుకుని కలుపుతున్న ఆ అబ్బాయి నన్ను చూసి సిగ్గుపడి, "సారీ ఆంటీ, స్మెల్ చాలా స్ట్రాంగ్ ఆ? బీర్ చేస్తున్నాం. పేల్ ఏల్, సింపుల్ వన్ లా" అని ఇక్కడివాళ్ళ యాస ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. ఫరవాలేదని నవ్వి ఇంట్లోకి వచ్చానే గానీ, సంచీ బల్ల మీద పెట్టి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. చెవి నా ప్రమేయం లేకుండానే ఒక చప్పుడు కోసం వెతుక్కుంటోంది.

బీరు అన్న మాటే గట్టిగా అనకూడని ఇంట్లో పుట్టినదాన్ని నేను. కాకినాడలో మా నాన్నగారు పండగనాడు సోడా తాగడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించే మనిషి. అలాంటి నాకు ఆ వాసన ఎక్కడిదో చెప్పాలంటే, నేను మలేషియా పక్కనున్న ఈ చిన్న దేశానికి వచ్చిన కొత్త రోజుల్లోకి వెళ్ళాలి. అమీర్‌పేట సందుల్లో నాలుగు నెలలు కోర్సు చేసినవాళ్ళందరూ విమానాలెక్కుతున్న కాలం అది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫోను కార్డు మీద వెండిపూత గీకి, అంత పొడుగు నంబరు నొక్కి, అవతల మనవాళ్ళు "హలో" అనేలోపే ఎన్ని నిమిషాలు మిగిలాయో చెప్పే ఆ ఆడగొంతు. నాకు పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు పరీక్షలు చేసే ఉద్యోగం. మావారికి హైదరాబాదులో పని తెమలలేదు, ఏడాది తరవాత వస్తానన్నారు. అప్పటిదాకా ఒక్కదాన్నీ ఉండడానికి తెలుగువాళ్ళ ఇంట్లో గది దొరికిందని తెలిసినవాళ్ళు చెబితే, ఎగిరి గంతేసి బిషాన్‌లో ఆంటీ వాళ్ళింటికి చేరాను.

ఆంటీ పుట్టింది మలేషియాలో, ఈపో దగ్గర రబ్బరు తోటల్లో. వాళ్ళ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ తెలుగులో మా అమ్మమ్మ కాలం నాటి మాటలూ, అరవమూ, మలాయీ కలగలిసి ఉండేవి. మొదటి రెండు వారాలూ సగం అర్థమై సగం కాక తల ఊపేదాన్ని. అంకుల్ ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. నేను చేరడానికి రెండు నెలల ముందే గుండెపోటుతో పోయారు. హాల్లో దండ వేసిన ఫొటోలో తప్ప ఆయన్ని నేను చూడలేదు. చూడలేదని అంటున్నానే గానీ, ఆయనతో ఒకే ఇంట్లో కాపురమున్నట్టే అనిపిస్తుంది నాకు ఇప్పటికీ.

చేరిన మొదటి రోజు సాయంత్రం, వంటింట్లో చెయ్యి కడుక్కుంటుంటే వినబడింది ఆ చప్పుడు. వంటింటి పక్కన, సామాన్లు పెట్టుకునే చిన్న స్టోర్ రూమ్ మూసిన తలుపు వెనక నుంచి, నీళ్ళలో ఎవరో ఊపిరి వదిలినట్టు, బుడుక్, బుడుక్ అని వెంటవెంటనే రెండు చిన్నవి, కాస్త ఆగి ఒక పెద్దది. కుళాయి కట్టేసి చూశాను, కుళాయిది కాదు. మళ్ళీ రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆంటీ చపాతీ ఒత్తుతూ తల ఎత్తకుండానే అంది:

"భయపడకమ్మా. మీ అంకులే. లోపల పని చేస్తన్నాడు."

నా ముఖం చూసి ఆవిడే తలుపు తీసి చూపించింది. బియ్యం బస్తా పక్కన, తడి తువ్వాలు చుట్టిన పెద్ద తెల్ల బకెట్, గట్టిగా బిగించిన మూత, మూత మధ్యలో వంకీ తిరిగిన చిన్న గొట్టం, అందులో ఒక గుక్కెడు నీళ్ళు. లోపల పులిసేటప్పుడు పుట్టే గాలి ఆ నీళ్ళలోంచి బుడగలుగా పోతుందట. అంకుల్‌కు రిటైరయ్యాక పట్టిన సరదా ఇది. ఇంట్లో తాగడానికి ఎవరైనా బీరు కాచుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నాక, ఒక డబ్బా మాల్టు పాకం, గుప్పెడు హాప్స్ అనే చేదు పువ్వులు, ఒక పొట్లం ఈస్టు, ఇవి తప్ప ఇంకేమీ లేకుండా లేత బంగారు రంగు బీరు కాచేవారట. ఇంతకంటే చవకైనదీ తేలికైనదీ లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారట. చివరిసారి కాచి, చల్లార్చి, ఈస్టు చల్లి, మూత బిగించి, తువ్వాలు తడిపి చుట్టారు. మర్నాడు పొద్దున్న పేపరు చదువుతూ కుర్చీలో పక్కకు ఒరిగిపోయారు. మనిషి లేడు గానీ ఆయన మొదలుపెట్టిన పని బకెట్లో సాగుతూనే ఉంది.

మొదట్లో నాకు జాలే తప్ప భయం లేదు. ఇడ్లీ పిండి పులియడం చూసినవాళ్ళమే కదా. ఆఫీసులో మాట వరసకి ఈ సంగతి చెప్పినప్పుడే భయం మొదలైంది. నా పక్క సీటులో కూర్చునే చైనీస్ ఆవిడ, బిషాన్ అనగానే, అది పాత శ్మశానం తవ్వి కట్టిన ఊరు, నీకెవరూ చెప్పలేదా అని కళ్ళు పెద్దవి చేసింది. అది నేను నవ్వి కొట్టిపారేశాను. ఎదుటి వరసలో కూర్చునే ఆస్ట్రేలియా ఆయన మాత్రం ఇంట్లో బీరు కాచే మనిషి. ఆయన నవ్వకుండా అడిగాడు, ఎన్నాళ్ళ నుంచి బుడగలు వస్తున్నాయని. రెండు నెలలు దాటిందన్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. ఈ ఎండల్లో ఐదారు రోజులు, మహా అయితే రెండు వారాలు, ఆ తరవాత తినడానికి తీపి ఉండదు కాబట్టి ఈస్టు నిద్రపోతుంది, రెండు నెలలంటే కుదరదు, అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు వచ్చేవి కావు. సిటీ హాల్‌లో రైలు మారుతూ, ఇవాళ ఆగిపోయి ఉంటే బాగుండును అనుకునేదాన్ని. తాళం తీయగానే వినబడేది, బుడుక్, బుడుక్, కాస్త ఆగి బుడుక్. ఆంటీ స్టోర్ రూమ్ ముందు ముక్కాలిపీట వేసుకుని, చిక్కుళ్ళు వలుస్తూ, ఆనాటి సంగతులన్నీ తలుపుతో చెప్పేది. పక్కింటివాళ్ళ కోడలికి పిల్లాడు పుట్టాడనీ, ఫ్యాను చప్పుడు చేస్తోందనీ. చెప్పి ఆగేది. లోపల చప్పుడయ్యేది. "సరే" అని మళ్ళీ చిక్కుళ్ళు వలుచుకునేది.

ఒకరోజు జ్వరం వచ్చి ఆఫీసుకు వెళ్ళలేదు. మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం లేచి వస్తే, ఆంటీ స్టోర్ రూమ్‌లో వంగి, మూత ఒక పక్క ఎత్తి, చిన్న గిన్నెలోంచి చిక్కటి నీళ్ళేవో బకెట్లో పోస్తోంది. పొయ్యి పక్కన పంచదార డబ్బా తెరిచి ఉంది. నన్ను చూడలేదు. వెనక్కి వచ్చి మంచం మీద పడుకున్నాను. భయమంతా ఒక్కసారిగా దిగిపోయి ఏడుపొచ్చింది. ఇదన్నమాట సంగతి. పాకం పోసి పోసి ఆవిడే దాన్ని బతికిస్తోంది. ఎప్పుడో పోయిన మనిషికి రోజూ అన్నం పెడుతోంది. నేను చూసినట్టు ఆవిడకు చెప్పలేదు. ఆ తరవాత ఆ చప్పుడు నన్ను భయపెట్టడం మానేసింది, కనీసం అలా అనుకున్నాను.

ఆంటీకి ఒక్కతే కూతురు. స్కూలు టీచరు, సెరంగూన్‌లో అత్తవారితో ఉండేది. వారం వారం వచ్చి, ఆ బకెట్ దగ్గరే అమ్మతో గొడవపడి వెళ్ళేది. అమ్మకు మతి తప్పుతోందని ఆ అమ్మాయి బెంగ. ఆ ఏడు ఆగస్టులో, ఇక్కడి చైనీస్ వాళ్ళు పోయిన పెద్దలకు కాగితాలు కాల్చి, కారిడార్ల పక్కన అన్నం, నారింజలు, అగరొత్తులు పెట్టే, వాళ్ళ క్యాలెండరు ఏడో నెలలో, ఈపోలో ఆంటీ వాళ్ళ అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ఆంటీ పది రోజులు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నన్ను బకెట్ గురించి ఒక్క మాటా అడగలేదు, స్టోర్ రూమ్ తలుపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మర్నాడే కూతురు ఫోను చేసింది.

"అక్కా, ప్లీజ్, ఆ బకెట్ మీరు పారబొయ్యండి. నేను చేస్తే అమ్మ లైఫ్‌లో నాతో మాట్లాడదు. మీరు చెప్తే నమ్ముతుంది, స్పాయిల్ అయిపోయింది, స్మెల్ వచ్చింది అని చెప్పండి."

"ఆవిడకు అదొక్కటే కదమ్మా" అన్నాను.

"అందుకే కదా అక్కా. తలుపుతో టాక్ చేస్తోంది. హౌ కెన్ లా, ఇలా అయితే ఎలా? లేకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, ఇల్లు అమ్మి నా దగ్గరికి తెచ్చుకోవాలి. మీరే చెప్పండి, ఏది బెటర్?"

నాకు ఆ అమ్మాయి మాట కొట్టెయ్యాలనిపించలేదు. ఆలోచిస్తానన్నాను. అంటే ఒప్పుకున్నట్టే అని ఇద్దరికీ తెలుసు.

ఆంటీ వెళ్ళిన నాలుగో రోజు గురువారం. ఆఫీసు నుంచి వచ్చేసరికి కింద వరండాలో ఎవరో కాగితాలు కాలుస్తున్నారు, బూడిద తేలుకుంటూ రెండో అంతస్తు దాకా వస్తోంది. తాళం తీశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి విన్నాను. ఫ్రిజ్ మోత, పైవాళ్ళ కుర్చీ జరిపిన చప్పుడు, అంతే. స్టోర్ రూమ్ తలుపు తీసి చూశాను. గొట్టంలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. చేత్తో బకెట్ తడిమాను. నా చేతుల్లో ఎవరో పోయినట్టనిపించింది. పారబోస్తానని మనసులో అనుకున్నందుకే ఆగిందా అన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. చప్పుడున్న నెలల్లో పడిన భయం ఆ నిశ్శబ్దం ముందు భయమే కాదు. వంటింట్లో వీపు గోడకు ఆనించకుండా నిలబడలేకపోయాను.

కూతురు చెప్పిన పని ఇక తేలిక. దానంతటదే పోయింది, అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. కానీ ఆవిడ వచ్చి తలుపు తీసి, ఈ నిశ్శబ్దం వింటే ఏమవుతుందోనన్న ఊహే భరించలేకపోయాను. పంచదార పాకం కాచి, చల్లార్చి, మూత ఎత్తి పోశాను. శుక్రవారం చప్పుడు లేదు. శనివారం లేదు. అల్మరాలో అంకుల్ నోటుబుక్కు ఉంది, కాచిన ప్రతిసారికీ ఒక పేజీ, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు, ఎంత నీరు, ఎంతసేపు మరిగింది, ఎన్నాళ్ళకు బుడగలు ఆగాయి. అందులోనే ఈస్టు కొన్న దుకాణం పేరుంది. ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళి, నా జన్మలో అడుగుపెడతాననుకోని ఆ దుకాణంలో ఒక పొట్లం కొని తెచ్చి, పాకంతో పాటు బకెట్లో చల్లాను. సోమవారం పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే వినబడింది, బుడుక్. పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆంటీ గురువారం మధ్యాహ్నం వస్తుందని నేను సగం రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. లిఫ్టు దగ్గర నుంచి సంచీ నేనే మోసుకొచ్చాను. ఆవిడ గుమ్మంలో కాలు పెట్టి, చప్పుడు విని, అలాగే ఆగిపోయింది. సంతోషమని అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆవిడ ముఖంలో రక్తం లేదు. నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా.

"లోపల ఎవరమ్మా?" అంది, గొంతు తగ్గించి.

"ఎవరు ఆంటీ? అంకుల్ బకెట్టే కదా."

"కాదు. ఇది ఆయన కాదు. ఆయనది రెండు చిన్నయి, ఒకటి పెద్దది. బతికున్నప్పుడూ అంతే, రెండుసార్లు గొంతు సవరించుకుని అప్పుడు పిలిచేవాడు నన్ను. ఇదేటి, గబగబా, ఆపకుండా? ఎవరిని రానిచ్చావు నా ఇంట్లోకి?"

అప్పుడు విన్నాను నేను. నాలుగు రోజులుగా నా చెవికి తట్టని సంగతి. నిజమే, ఒకే తీరున, కుక్క వగరుస్తున్నట్టు గబగబా వస్తున్నాయి బుడగలు. కింద అగరొత్తుల వాసన, ఎండ నడినెత్తిన, ఆవిడ గోళ్ళు నా మణికట్టులో. ఆ మధ్యాహ్నం పడ్డ భయం ఈ జన్మలో మరి పడలేదు. గుమ్మంలోనే నిలబడి అన్నీ చెప్పేశాను, కూతురి ఫోను, ఆగిపోవడం, పాకం, పొట్లం, అన్నీ. ఆవిడ తిడుతుందనుకున్నాను. మెల్లగా నా చెయ్యి వదిలి, కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఎప్పుడు ఆగిందమ్మా?"

"పోయిన గురువారం. నేను వచ్చేసరికి ఆగి ఉంది."

ఆవిడ తల ఊపింది. ఆ గురువారం మధ్యాహ్నం ఈపోలో అక్క వంటింట్లో రసం తాలింపు పెడుతుంటే, వెనక నుంచి రెండుసార్లు గొంతు సవరించుకున్నట్టు వినబడిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరట. "చెప్పి పోడానికి వచ్చాడు. అందుకే ఇవాళ వచ్చేటప్పుడు ఇల్లు ఊరికే ఉంటాదనుకునే వచ్చాను. చప్పుడు వినబడేసరికి ప్రాణం పోయింది నాకు" అంది. ఆవిడను ఓదార్చబోయి, నేను చూసిన పంచదార సంగతి కూడా చెప్పాను. ఇన్నాళ్ళూ మీరు పాకం పోస్తూంటేనే కదా ఆంటీ అని. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"రెండుసార్లే పోశానమ్మా. నీకు జ్వరమొచ్చిన రోజు, అంతకు ముందొకసారి. మరి మిగతా రోజులు?"

గాలిలోంచి వేరే పులుపు ఏదో చేరి ఉంటుందని, ఎండకు గాలి వ్యాకోచించి ఉంటుందని తరవాత ఆస్ట్రేలియా ఆయన ఏవేవో కారణాలు చెప్పాడు. పరీక్షలు చేసే ఉద్యోగం నాది, కారణాలంటే ఇష్టమే. వాటిలో కొన్ని నమ్మాను కూడా. నాలుగు నెలలకు చాలినన్ని కారణాలు మాత్రం ఆయన దగ్గర లేవు.

ఆ సాయంత్రమే ఆంటీ కూతుర్ని పిలిపించింది. ముగ్గురం కలిసి మూత తీశాం. దెయ్యం లేదు, ఏమీ లేదు, ముక్కుపుటాలు అదిరే పులుపు వాసనతో లేత రంగు నీళ్ళు. ఆంటీ ఒక గ్లాసుడు తీసి ఫొటో ముందు పెట్టి, మిగతాదంతా తన చేత్తోనే వంటింటి తూములో పోసింది. కూతురే నిలబడలేక వెనక నుంచి అమ్మ భుజం మీద ముఖం పెట్టి ఏడ్చింది. ఆంటీ ఒక చేత్తో బకెట్ వంచుతూ, తడి చేత్తోనే ఆ పిల్ల తల నిమిరింది. బకెట్ కడిగి, కారిడార్‌లో ఎండకు బోర్లించింది.

సంవత్సరీకానికి నెల ముందు ఆవిడే నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది, చదివి చెప్పమని. మా నాన్నగారి కూతురు బీరు కాచింది, చూసుకోండి. మాల్టు పాకం అడుగంటకుండా గంటసేపు కలుపుతూ, హాప్స్ వేయగానే పొంగి పొయ్యి మీద పడితే ఇద్దరం కేకలు పెట్టి, సింకు నిండా మంచుగడ్డలు వేసి గిన్నె చల్లార్చి, ఈస్టు చల్లి, తువ్వాలు తడిపి చుట్టాం. ఇల్లంతా ఆ తియ్యటి చేదు వాసన. బుడగలు ఐదు రోజులు గబగబా వచ్చి, ఆరో రోజు నెమ్మదించి, ఏడో రోజు ఆగిపోయాయి. ఆగిన రోజున ఆంటీ స్టోర్ రూమ్ ముందు కాసేపు కూర్చుని, లేచి, "సుడా" అంది. అయిపోయిందని. తరవాత సీసాల్లో పోసి, రెండు వారాలు ఆగి, సంవత్సరీకం నాడు వడ, పాయసాల పక్కన ఒక గ్లాసు ఆయనకు పెట్టింది. ఆవిడ జీవితంలో మొదటిసారి తానూ ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, "దీనికా ఇంత కథ!" అని నవ్వింది. నేనూ తాగాను. చల్లగా, కాస్త చేదుగా, చివర్లో చిన్న తీపితో బాగానే ఉంది. ఆ సంగతి కాకినాడలో ఎవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇల్లు అమ్మలేదు, డాక్టరూ అక్కర్లేకపోయింది. మావారు వచ్చాక మేం వేరే ఇల్లు చూసుకున్నాం. ఆంటీ ఇంకో ఆరేళ్ళు అక్కడే ఉండి, మోకాళ్ళు సహకరించక కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడే నిద్రలో పోయింది. ఆ రోజుల్లో అలా ఒకరింట్లో ఒక గది తీసుకుంటే, ఆ ఇంటి దుఃఖంలో కూడా ఒక గది మనకు వచ్చేది. ఇప్పుడు గదికి గది, తలుపుకు తలుపు, చెవుల్లో ఆ చిన్న తెల్ల బొడిపెలు. పక్క గదిలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటున్నారో వినేవాళ్ళు లేరు.

మావారు పోయి రెండేళ్ళయింది. ఆయన తన గొంతుతో పంపిన వాయిస్ మెసేజీలు మా అబ్బాయి నా ఫోనులో భద్రంగా పెట్టి ఇచ్చాడు. పాలు తెమ్మంటావా, రైలెక్కాను, ఐదు నిమిషాల్లో వస్తున్నా, ఇలాంటివి. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అదే గొంతు, అదే తొందర, ఎన్నేళ్ళయినా పాడవదట, తగ్గదట. ఆంటీకి ఏడో రోజున ఆగిపోయి చెప్పే బకెట్ ఉండేది. నాకు అయిపోయిందని చెప్పేదేదీ లేదు. ఐదు నిమిషాల్లో వస్తున్నానని ఆయన చెబుతూనే ఉంటారు, నేను ఒక్కోసారి అన్నం వార్చకుండా ఆగిపోతుంటాను.